అతని పది, నా పది

అతనికి నేను పంపిన కబురులో నాలుగు మాటలు ఉన్నాయి. వైవా, కేషో, సా, కుమి. మొదటిది చదువు చివర జరిగే నోటిపరీక్ష పేరు, అది మా ఇద్దరి భాషా కాదు. మిగిలిన మూడూ అతని భాష, స్వాహిలీ. కేషో అంటే రేపు, సా అంటే గంట, కుమి అంటే పది. విడివిడిగా ఏ మాటలోనూ తప్పు లేదు. పలకడం కూడా బాగానే ఉందని తర్వాత అతనే అన్నాడు. అవన్నీ కలిసి అతని రెండేళ్ళ చదువుని ముంచేయబోయాయి. ముంచలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ ఉదయం నేను పడ్డ కంగారు చదివేవాళ్ళు కూడా పడాలని నాకు లేదు.

నేను శ్రీకాకుళం దగ్గర హైవే పక్కనున్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సర్వే ల్యాబు అసిస్టెంటుని. టేపులు, గొలుసులు, దిక్సూచులు, లెవెల్ మిషన్లు, వాటి మూడుకాళ్ళ స్టాండ్లు లెక్కపెట్టి ఇవ్వడం, లెక్కపెట్టి తీసుకోవడం నా పని. సివిల్లో బీటెక్ నేనూ చేశాను. తర్వాత మూడు ఇంటర్వ్యూలకి వెళ్ళాను. మూడింట్లోనూ నన్ను పట్టుకున్న జబ్బు ఒకటే. ప్రశ్న అర్థమవుతుంది. జవాబు తెలుసు. అది మనసులో తెలుగులో తయారవుతుంది. దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, వ్యాకరణం సరిచూసుకుని నోరు తెరిచేసరికి వాళ్ళు తర్వాతి ప్రశ్నలో ఉంటారు. మూడోచోట ఒకాయనకి నేను మూగవాణ్ణేమోనన్న అనుమానం వచ్చి, ప్రశ్నని కాగితం మీద రాసి ఇచ్చాడు. దానికి మాత్రం పూర్తి జవాబు రాశాను.

అందుకే, సంభాషణ భాగస్వాములు కావాలని ఇంగ్లీషు విభాగంవాళ్ళు నోటీసు పెట్టిన రోజు మొదటి సంతకం నాదే. పద్ధతి తేలిక. వేరే దేశం నుంచి వచ్చిన విద్యార్థి ఒకరు, ఇక్కడివాళ్ళు ఒకరు. వారానికి రెండు గంటలు కూర్చుని మాట్లాడుకోవాలి. ఒక గంట ఒకరికి కావలసిన భాష, రెండో గంట రెండోవాళ్ళకి కావలసింది. రిజిస్టరులో సంతకాలు పెట్టాలి. అంతే.

నాకు జతగా వచ్చినవాడు టాంజానియా నుంచి వచ్చిన ఎంటెక్ విద్యార్థి. నాకన్నా జానెడు పొడుగు. చదువు నీటి వనరుల మీద. కోటబొమ్మాళి చుట్టుపక్కల పల్లెల్లో వేసవిలో నూతుల్లో నీరు ఎంత దిగుతోంది, పదేళ్ళ కిందట ఎంత దిగేది, ఇదీ అతని ప్రాజెక్టు. ఇప్పటి లోతు టేపు చెబుతుంది. పదేళ్ళ కిందటిది నుయ్యి గలవాళ్ళే చెప్పాలి, వాళ్ళు తెలుగులోనే చెబుతారు. అతనికి తెలుగు అందుకు కావాలి. స్కాలర్‌షిప్పు వాళ్ళ ప్రభుత్వానిది. అదీ, వీసా, రెండూ ఆ వేసవితోనే అయిపోతాయి. ఈలోగా వైవా అయితే డిగ్రీతో ఇంటికి వెళ్తాడు. తప్పిపోతే మళ్ళీ వైవా ఆరునెలలకి. అప్పటిదాకా ఇక్కడ ఉండడానికి వీసా లేదు, వెళ్ళి మళ్ళీ రావడానికి ఛార్జీలు పెట్టేవాళ్ళు లేరు. మొదటి రోజే ఇదంతా చెప్పాడు, తన ఊరి పేరు చెప్పినంత మామూలుగా.

నేను నలభై పాఠాల జాబితా రాసుకుని వెళ్ళాను. అంకెలు, రంగులు, చుట్టరికాలు, కూరగాయలు, క్రియలు, ఇలా. అతను దాన్ని చివరిదాకా చదివించుకుని, నుయ్యి ఎన్నో పాఠంలో వస్తుందని అడిగాడు. ముప్ఫై ఒకటిలో అన్నాను. అప్పటికి నూతులు ఎండిపోతాయి అన్నాడు. ఆ రోజే నుయ్యి, తాడు, చేద, లోతు నేర్పాను.

నేను నేర్పింది పుస్తకం తెలుగు. నేను, ఏమిటి, లేదు, చెప్పండి. మా ఇంట్లో మేం మాట్లాడుకునేది అది కాదు. విజయవాడలో కోచింగుకి వెళ్ళిన ఏడాది, నేను నోరు తెరిస్తే చాలు, గదిలో మిగతావాళ్ళు 'ఏటి, ఏటి' అని వెక్కిరించేవాళ్ళు. ఆ ఏడాదే నా నోట్లోంచి ఏటిని తీసేసి ఏమిటిని పెట్టుకున్నాను. అతనికీ అదే పెట్టాను. కానీ అతను ఉండేది హాస్టల్లో, తినేది క్యాంటీన్లో. రెండో వారానికే నన్ను మావా అని పిలవసాగాడు. మూడో వారానికి నోటుపుస్తకంలో పేజీని నిలువుగా రెండు చేశాడు. ఎడమవైపు నేను చెప్పిన మాట, కుడివైపు తను విన్న మాట. ఎడమన లేదు, కుడిన నేదు. ఎడమన త్వరగా, కుడిన బేగి. కుడివైపువి తప్పులని చెప్పాను. తలూపాడు గానీ ఒక్కటీ కొట్టేయలేదు.

ఇంగ్లీషు గంటలో అతను నా వాక్యాలు సరిదిద్దేవాడు కాదు. నేను తడుముకుంటూ ఉంటే ఊరికే ఎదురుచూసేవాడు. వాచీ చూడడు, నా బదులు మాట అందించడు. ఒకసారి నేను మొదలుపెట్టిన వాక్యం పూర్తయ్యేలోగా అరటిపండు ఒలుచుకుని మొత్తం తిన్నాడు. తొక్క చేత్తో పట్టుకుని, ఊఁ, తర్వాత అన్నాడు. ఆ ఎదురుచూపు ఇంటర్వ్యూల్లో ఎవరూ చూడలేదు. నెల తిరిగేసరికి నా వాక్యాలు వాటంతట అవే పొట్టివయ్యాయి, పొట్టివయ్యాక బయటికి రాసాగాయి.

అప్పుడే ఒకరోజు అతను తన తెలుగులో అన్నాడు. "మావా, ఇంగ్లీషు నాది కాదు. నేను కూడా బళ్ళో నేర్సుకున్నాను. నాది ఏటైనా తీసుకో."

అలా నాకు స్వాహిలీ వచ్చి చేరింది. దానికీ ఒక జాబితా రాసుకున్నాను. ఒకటి నుంచి పది వరకు అంకెలు ఒక్క రోజులో పట్టేశాను. అందులో కొన్ని మరిచిపోవాలన్నా మరిచిపోలేం. ఆరు అంటే సీతా. ఎనిమిది అంటే నానే. మా ఊళ్ళో తలుపు కొట్టినవాళ్ళని ఎవరని అడిగితే వచ్చే జవాబు అది, నానే, అంటే నేనే. సరే అనడానికి వాళ్ళు సావా అంటారు. ఆ మాట మా అమ్మమ్మ చెవిన పడినప్పుడు ఏమైందో తర్వాత చెబుతాను.

అంకెలు అయ్యాక అతను గంటలు చెప్పడానికి వేరే క్లాసు కావాలన్నాడు. నా జాబితాలో అది లేదు. అంకెలు వచ్చాయి, గంటకి మాట వచ్చింది, రెండూ కలిపితే అదే కదా, దానికి క్లాసెందుకన్నాను. అతను ఏదో చెప్పబోయాడు. ఇంతలో రెండో సంవత్సరం పిల్లలు లెవెల్ మిషను వెనక్కి ఇవ్వడానికి వచ్చారు. నేను లేచి స్టాండు కాళ్ళు మూడూ ఉన్నాయో లేవో చూసుకున్నాను. ఆ క్లాసు జరగలేదు.

ప్రాజెక్టు కోసం కోటబొమ్మాళికి కొంచెం లోపలున్న మా అమ్మమ్మ ఊరు చూపించాను. జీడిమామిడి తోటలు, వరి, ఊరి చుట్టూ పాత నూతులు. మా అమ్మమ్మ ఒక్కర్తే ఉంటుంది. అలా ఉండడమే ఆమెకి ఇష్టం, ఎవరింటికైనా వెళ్తే రెండో రోజే మొక్కలకి నీళ్ళెవరు పోస్తారని బయల్దేరిపోతుంది. మొదటిసారి అతన్ని తీసుకెళ్ళినప్పుడు కిందనుంచి పైదాకా చూసి, ఏ ఊరని అడిగింది. టాంజానియా అన్నాడు.

"అది ఇచ్ఛాపురం అవతలేటి?"

ఇచ్ఛాపురం మా జిల్లాకి చివర, దాటితే ఒడిశా. అవతలే, కాస్త ఎక్కువ అవతల అన్నాను. అయితే దాహమేసుంటాదని సోడి అంబలి ఇచ్చింది. సోళ్ళంటే మా వైపు రాగులు. అతను ఒక గుక్క తాగి గ్లాసులోకి చూస్తూ ఉండిపోయాడు. వాళ్ళమ్మ రోజూ పొద్దున కాచేది ఇదే జావట, ఇవే గింజలట. దానికి వాళ్ళ మాట ఊజి. ఆ మాట అమ్మమ్మకి నోరు తిరగలేదు, అవసరమూ పడలేదు. తర్వాత అతను ఎన్నిసార్లు వెళ్ళినా చెప్పకుండానే గ్లాసు వచ్చేది.

నేను ల్యాబు వదిలి వారాల తరబడి వెళ్ళలేను. మొదటిసారి తర్వాత అతను ఒక్కడే వెళ్ళి రెండేసి రోజులు ఉండి వచ్చేవాడు. ఊళ్ళోవాళ్ళు నూతి లోతుని అడుగుల్లో చెప్పరు, బారల్లో చెబుతారు. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి ఒక బార. అతను ఊళ్ళో పదకొండు మంది పెద్దవాళ్ళ చేత చేతులు చాపించి టేపుతో కొలిచి సగటు కట్టాడు. ఆ ఆలోచన నాది. చేతులు చాపమన్నప్పుడు వాళ్ళు నవ్విన నవ్వుకి కారణం అతను. అమ్మమ్మకీ అతనికీ మధ్య సాయంత్రాలు ఏ మాటలు నడిచేవో నాకు అప్పట్లో తెలియదు. సీతా అంటే ఆరు అని విని, మరి రాముడెంత అని అడిగిందని మాత్రం చెప్పాడు.

ఇక ఆ రోజుకి వస్తాను. థీసిస్ ఇచ్చేశాడు. వైవా మధ్యాహ్నం రెండింటికి పెట్టారు. రెండు నూతుల కొలతలు మళ్ళీ ఒకసారి చూసి రమ్మని గైడు చెప్పడంతో ముందురోజు ఉదయమే ఊరికి వెళ్ళాడు. మర్నాడు పది గంటల ప్రాంతంలో బయల్దేరినా రెండింటికి తీరిగ్గా అందుకోవచ్చు. కానీ ముందురోజు సాయంత్రం ఐదింటికి బోర్డు మీద కొత్త కాగితం అంటించారు. బయటినుంచి వచ్చే ఎగ్జామినరు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆమదాలవలసలో రైలెక్కాలట. వైవాలు ఉదయం పదింటికి మొదలు. ముగ్గురు విద్యార్థులు, మనిషికి అరగంట.

వెంటనే ఇంగ్లీషులో ఒక లైను రాసి పంపి ఉంటే ఈ కథ లేదు. నాకు అతని భాషలో చెప్పాలనిపించింది. పది నిమిషాలు మాటలు పేర్చుకుని, రెండుసార్లు పలికి చూసుకుని, నా గొంతు రికార్డు చేసి పంపాను. వైవా కేషో సా కుమి. కాసేపటికి జవాబు వచ్చింది. సావా, పక్కన నవ్వు బొమ్మ. నా మొదటి స్వాహిలీ వాక్యానికి వచ్చిన మొదటి జవాబు. దాన్ని నాలుగైదుసార్లు చూసుకున్నాను.

తర్వాత అమ్మమ్మకి ఫోన్ చేశాను. ఇది జాబితా లేకుండా, ఆలోచన లేకుండా, మా మాటలో చేసిన ఫోను. "రేపు బేగి లేపీసి, ఏదో ఒకటి పెట్టీసి ఏడింటి బస్సు ఎక్కించీ" అన్నాను. గాలి వేస్తోంది, కరెంటు పోయిందని చెప్పి పెట్టేసింది.

మర్నాడు ఏడింటి బస్సు ఎక్కినవాడు ఎంత నెమ్మదిగా వచ్చినా ఎనిమిదిన్నరకి మా గేటు దగ్గర దిగాలి. ఎనిమిదీ నలభైకి ఫోన్ చేశాను. స్విచాఫ్. తొమ్మిదికి కాస్త ముందు హాస్టల్ నుంచి అతని దేశపు అమ్మాయి, మా కాలేజీలోనే బీటెక్ చదువుతోంది, చెప్పులీడ్చుకుంటూ క్యాంటీనుకి వెళ్తూ కనిపించింది. అతన్ని చూశావా అని అడిగాను. ఇంకా రాడుగా, వైవా నాలుగింటికని రాత్రి మెసేజ్ పెట్టాడు అంది. నాలుగు కాదు పది, నేనే చెప్పానన్నాను. ఏ భాషలో చెప్పావంది.

ఫోను తీసి నా రికార్డు వినిపించాను. ఆ అమ్మాయి మొహంలో ముందు నవ్వు వచ్చింది, తర్వాత అది పోయింది. తన చేతి వాచీ నా ముందు పెట్టి చూపించింది. వాళ్ళ ఊళ్ళో రోజు అర్ధరాత్రి మొదలవదు. పొద్దు పొడిచాక మొదలవుతుంది. మన ఏడు వాళ్ళకి ఒకటి. మన పది వాళ్ళకి నాలుగు. వాచీలు మాత్రం మామూలువే, ముల్లు ఏ అంకె మీద ఉందో దానికి ఎదురుగా ఉన్న అంకెని చదువుతారు. సా కుమి అంటే పదో గంట, అంటే సాయంత్రం నాలుగు.

నేను సర్వే ల్యాబు మనిషిని. ఇక్కడి నుంచి అక్కడికి చూసిన దిక్కుకీ, అక్కడి నుంచి ఇక్కడికి చూసిన దిక్కుకీ నూట ఎనభై డిగ్రీల తేడా ఉంటుందని ఏటా పిల్లలకి దిక్సూచి చేతికిచ్చి చెబుతాను. పదికి ఎదురుగా నాలుగు. నా ముందున్న గడియారంలో అది రోజూ కనబడుతూనే ఉంది.

ఇంకా నాకు అర్థమైంది ఏమిటంటే, అతనికి అనుమానం రావడానికి కారణం కూడా లేదు. రెండింటి వైవా నాలుగింటికి మారిందని విన్నాడు. మా కాలేజీలో ఏదైనా ఆలస్యమవుతుంది తప్ప ముందుకి జరగదని రెండేళ్ళుగా చూస్తున్నాడు.

చేయగలిగినవి వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అమ్మమ్మ ఫోను మోగింది, ఎవరూ ఎత్తలేదు. ఆమె ఫోను ఎప్పుడూ పెట్టెలో చీరల మధ్య ఉంటుంది, అందులో వింత లేదు. పక్కింటి మావకి చేశాను. ఊరినుంచి హైవేకి సర్వీసు ఆటో నడుపుతాడు, ఆ రోజు ఆటో బాగులేక ఇంట్లోనే ఉన్నాడు. వెళ్ళి చూసి వచ్చి చెప్పాడు.

"తాళం ఏసున్నాది రా. ముసిల్దీ నేదు, ఆ గుంటడూ నేడు. నూతులు కొలవడానికి పోనారేమో."

మా ఊళ్ళో నూతులు ఊరి చుట్టూ ఉన్నాయి. ఏ నూతి దగ్గరని వెతుకుతాడు. అయినా వెతకమని బతిమాలి, గైడు గదికి పరిగెత్తాను. తప్పు నాదని ఇంగ్లీషులోనే చెప్పాను. ఆ సమయంలో తడుముకోలేదని తర్వాత గుర్తొచ్చింది. ఆయన విసుక్కోలేదు. మిగతా ఇద్దర్నీ ముందు పిలిపించి అతన్ని చివర పెడతానన్నాడు. కానీ పదకొండున్నర దాటితే ఎగ్జామినరుని ఆపలేనన్నాడు. ఊరినుంచి రావడానికి గంటన్నర. అంటే తొమ్మిదిన్నరకల్లా అతను బస్సులో ఉండాలి. ఎక్కడున్నాడో తెలియదు.

స్నేహితుడి బండి తాళాలు తీసుకుని గేటు దగ్గరికి వచ్చాను. బండి మీద నేను వెళ్ళేది హైవే మీద, అతను వస్తే వచ్చేదీ హైవే మీదే, దారిలో ఒకర్నొకరు దాటిపోతే ఇంకో పావుగంట పోతుంది. వెళ్ళాలా, ఆగాలా. జీవితంలో మొదటిసారి నా దగ్గర జాబితా అయిపోయింది. బండి స్టార్టు చేసి, ఆపి, మళ్ళీ స్టార్టు చేశాను. అప్పుడు టెక్కలి వైపు నుంచి వచ్చిన బస్సు గేటు ఎదురుగా ఆగింది. తొమ్మిదీ నలభై ఆరు.

మొదట దిగింది అమ్మమ్మ. నేను ఆమెని అక్కడ ఊహించుకోలేదు కాబట్టి, ఎవరో మా అమ్మమ్మలాంటి ఆవిడ అనుకున్నాను. చేతిలో సంచీ. వెనకాల టేపు పెట్టె భుజాన వేసుకుని అతను, ఉతికిన తెల్లచొక్కాలో, తల వంచుకుని బస్సు మెట్లు దిగుతూ.

నేను నోరు తెరవబోతే అమ్మమ్మే మొదలుపెట్టింది.

"నువ్వు గడియారం సూసి సెప్పినావు. ఆడు పొద్దు సూసి ఇన్నాడు. మద్దిన నానుండబట్టి సరిపోనాది."

తాళం సంగతి అడిగాను. ఒక్కణ్ణీ ఒగ్గేస్తే దారిలో ఏ నుయ్యి కనబడినా దిగిపోతాడని, తాళం వేసి తనే తీసుకొచ్చిందట.

అతన్ని గైడు గదిలోకి పంపించాక, ల్యాబు వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి నీళ్ళిస్తే, జరిగింది ముక్కలు ముక్కలుగా చెప్పింది. పొద్దున్నే లేపింది. అంబలి ఇచ్చింది. బస్సు వేళ అవుతోంది, కదలమంది. కదల్లేదు. టైముంది అమ్మమ్మా అన్నాడు. ఎంతకి నీ పరీచ్చ అంటే, సా కుమి అన్నాడు. ఆమె అంకెలతో పెట్టుకోలేదు. తను ఎప్పుడూ అడిగేదే అడిగింది, అప్పటికి పొద్దు ఎక్కడుంటాదని. అతను వీధిలోకి వచ్చి, పడమటివైపు తాటిచెట్లకి రెండు బారల పైన చెయ్యి పెట్టి చూపించాడు.

నాకు తెలియని సాయంత్రాల్లో వాళ్ళ మధ్య నడిచిన మాటలు ఇవీ. ఆమె బారెడు పొద్దెక్కిందంటే ఎంతని అతను అడిగాడు. చేతులు చాపి ఆకాశాన్ని కొలవడం ఆమె చూపించింది. తన ఊళ్ళోనూ పొద్దు పొడిచిన దగ్గర్నుంచే లెక్క అని అతను చెప్పాడు. అదే కదా నాయం, పొద్దు పొడవకుండానే ఆరెలా అయిపోతాదని ఆమె అంది. నేను క్లాసెందుకన్న పాఠం ఆమె అరుగు మీద కూర్చుని నేర్చేసుకుంది, క్లాసని తెలియకుండానే.

"తాటిచెట్ల మీదకి పొద్దు పోయినాక పరీచ్చయితే, నా మనవడు ఏడింటి బస్సు ఎందుకెక్కించమంటాడు? ఆడు సంతకెల్లినా సీటీ రాసుకుని ఎల్తాడు. ఏదో తిరకాసున్నాదని సెప్పినాను."

అతను నా రికార్డు మళ్ళీ విందామని ఫోను తీశాడు. రాత్రంతా కరెంటు లేదు, ఫోను చచ్చిపోయి ఉంది. కానీ విన్న మాట తలలో ఉంది. మాట్లాడింది వాళ్ళ ఊరివాడు కాదు, నేను. నేనైతే కుమిని ఏ పది అనుకుని పలుకుతాను? గడియారంలో పదే. అది తట్టగానే సావా, సావా అంటూ చొక్కా కోసం లోపలికి పరిగెత్తాడట. పొద్దున్నే ఆ మాటేంటని అమ్మమ్మ వెనకాలే కేకలు. మా వైపు సావంటే చావు. నువ్వెందుకు సావాల నాయినా, పరీచ్చే కదా అని ఆమె ఓదారుస్తూ ఉంటే అతను తొడుక్కుంటూ నవ్వుతూ ఉన్నాడు. ఈలోగా ఏడింటి బస్సు పోయింది. పక్కింటి ఆటో బాగులేదు. ఇద్దరూ హైవేకి నడిచి వచ్చి దొరికిన బస్సు ఎక్కారు.

అతని వంతు పదకొండింటికి వచ్చింది. నీటిమట్టం కొలిచే టేపు చూపించాలన్న నెపంతో నేను గదిలో వెనకాల నిలబడ్డాను. ఎగ్జామినరు పెద్దాయన. పట్టికల దగ్గర ఆగాడు. పదేళ్ళ కిందటి లోతులన్నీ ఒకే అంకెకి రెట్లుగా, రెండున్నర రెట్లుగా, మూడు రెట్లుగా ఉన్నాయేమిటన్నాడు. కొలిచినవి అలా రావు, కూర్చుని రాసినవి వస్తాయన్నాడు. గైడు కాగితాల వైపు చూశాడు. నా చేతిలో టేపు తడిసింది.

అతను ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో ఆగి, తెలుగులో చెప్పాడు. "సార్, అవి నాను కొలవనేదు. మీ నూతిలో నీరు అప్పుడు ఎన్ని బారలుండేది మావా అని అడిగినాను. ఆళ్ళు బారల్లో సెప్పినారు. నాను మీటర్లు సేసినాను." చేతులు రెండూ చాపాడు. ఆ గదిలో అతని చేతులు ఒక గోడ దగ్గర నుంచి మధ్య వరకు వచ్చినట్టు కనిపించాయి. నా బార సరిపోదు సార్, అందుకే పదకొండు మంది పెద్దోళ్ళ బార కొలిసి సగటు కట్టినాను అన్నాడు.

ఎగ్జామినరు కళ్ళజోడు తీశాడు. తనది సాలూరు దగ్గరని, చిన్నప్పుడు వాళ్ళ తాత నూతి లోతు చెబుతూ అలాగే చేతులు చాపేవాడని అన్నాడు. తర్వాత అడిగినవన్నీ ఆ పదకొండు మంది గురించే. నేను తప్పని చెప్పిన కుడివైపు మాటలే అతని నోట్లోంచి వచ్చాయి. నేను నేర్పినవి ఒక్కటీ రాలేదు. ఆ సమయంలో నాకు సిగ్గేయలేదు. చేతిలో టేపు ఆరింది.

పదకొండూ ముప్ఫై అయిదుకి ముగ్గురివీ సంతకాలయ్యాయి. గైడు బయటికి వచ్చి అతని చెయ్యి ఊపి, ఎగ్జామినరు కారు కోసం వెళ్ళిపోయాడు. నేను బెంచీ మీద కూర్చున్నాను. ఉదయం నుంచి ఏమీ తినలేదని అప్పుడు తెలిసింది. అమ్మమ్మ సంచీలోంచి జీడిపప్పు పొట్లం తీసి నా చేతిలో ఒక గుప్పెడు, అతని చేతిలో రెండు గుప్పెళ్ళు పోసింది.

"ఐపోనాదేటి?" అని అతన్ని అడిగింది.

"ఐపోనాది అమ్మమ్మా."

"మరి పాసేనా?"

అతను సావా అనబోయి, ఆమె మొహం చూసి ఆగిపోయి, పాసే అన్నాడు.

నేను అతనికి క్షమాపణ చెప్పాలని రెండు వాక్యాలు తయారుచేసుకున్నాను. అవి ఏ భాషలో చెప్పాలో తేల్చుకునేలోగా అతనే జీడిపప్పు నములుతూ, ఆ రోజు మిగిలిపోయిన క్లాసు ఇప్పుడు చేద్దామా అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాను. ఏడు, ఒకటి. ఎనిమిది, రెండు. పది, నాలుగు. పది దగ్గర కింద గీత గీశాను, పుస్తకం చిరిగేంత గట్టిగా. పన్నెండు రాసేటప్పటికి అతను నా పెన్ను ఆపి, పొద్దు చూసి తన భాషలో చెప్పమన్నాడు. వరండా స్తంభాల నీడ పాదాల దగ్గరికి ముడుచుకుపోయి ఉంది. పొద్దు నడినెత్తిన ఉంది. నేను గడియారంలో పన్నెండుకి ఎదురు అంకె కోసం చూస్తూ ఉండగానే అమ్మమ్మ జీడిపప్పు పొట్లం కొంగులో ముడేసుకుంటూ చెప్పేసింది.

"సీత."